ఉదజని తూకంలో తరుగెంత?
నీటి విద్యుద్విశ్లేషణ ఘటాల సామర్థ్యాన్ని లెక్కించే పద్ధతి

అనంతపురం: వేరుసెనగ కాయ కొనే వర్తకులెవరూ బస్తా పైచూపు చూసి ధర కట్టరు. గుప్పెడు కాయలు తీసి నలిపి, గింజ విడిగా తూచి, నూటికి ఎంత దిగుబడి వచ్చేదీ చూసి, తేమ ఎక్కువగా వుంటే అందుకు తగ్గింపు వేసి, ఆ తరువాతే ధర చెబుతారు. కాయ తూకం వేరు, గింజ తూకం వేరు, గానుగలో దిగే నూనె వేరు అన్న సంగతి ఈ జిల్లాలో బడికెళ్ళే పిల్లలకు సైతం తెలుసు. ఇంత జాగ్రత్త గల వర్తకలోకం ముందుకు ఇప్పుడు తూకానికి అందని కొత్త సరుకు ఒకటి వస్తున్నది. అది ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు.

కేంద్రప్రభుత్వం 2023 జనవరి 4న జాతీయ హరిత హైడ్రోజన్ పథకాన్ని రూ. 19,744 కోట్ల కేటాయింపుతో ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి సామర్థ్యం కల్పించాలన్నది లక్ష్యం. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద ఎన్.టి.పి.సి. సంస్థ హరిత హైడ్రోజన్ కేంద్రానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అదే సంవత్సరం మే 16న గుత్తి మండలం బేతపల్లి వద్ద సౌర, పవన విద్యుత్తు, బ్యాటరీ నిల్వ కలిసిన పెద్ద ప్రాజెక్టుకు పునాది పడింది. ఒకటి వాయువుకు, మరొకటి కరెంటుకు సంబంధించినదైనా రెండింటికీ వున్న లంకె తేలికగానే తెలుస్తుంది. నీటిని విడగొట్టే ఘటానికి పెట్టుబడి అంతా కరెంటే. కరెంటు ఎక్కడ చౌక అయితే ఆ సరుకు చూపు అక్కడికి మళ్ళుతుంది.

చూపు మళ్ళిన చోటికి పెట్టుబడి అడిగేవారు కూడా వస్తారు. "మా ఘటం మామూలు ఘటం కన్న నూటికి ముప్ఫై ఎక్కువ వాయువు ఇస్తుంది" అని చెప్పి, గాజు జాడీలో బుడగలు చూపించి, వాటా తీసుకొమ్మనే సందర్భం రాకపోదు. అటువంటి మాటను పరీక్షించడానికి రసాయనశాస్త్రంలో పట్టా అక్కరలేదు. జమాఖర్చుల చిట్టా రాయడం వచ్చినవారికి నాలుగు అంకెలు తెలిస్తే చాలు.

మొదటి అంకె: ఆంపియరుకు ఎంత?

నీటిలో కరెంటు పంపితే ఉదజని, ప్రాణవాయువులుగా విడిపోతుందని 1800లో ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ చూపారు. ఎంత కరెంటుకు ఎంత వాయువు అనే నిష్పత్తిని 1830 దశకంలో ఫారడే స్థిరపరిచారు. ఆయన సూత్రంలో బేరాలకు తావు లేదు. ఒక ఆంపియరు కరెంటు ఒక గంటసేపు ప్రవహిస్తే, ఒక ఘటంలో 0.418 లీటరు ఉదజని మాత్రమే పుడుతుంది. ఇది సున్నా డిగ్రీల వేడిమి, 760 మిల్లీమీటర్ల వాయుపీడనం, తేమ లేని వాయువు అనే షరతులపై చెప్పిన అంకె. ఎలక్ట్రోడు ఏ లోహమైనా, ద్రావణం ఏదైనా ఇంతకు మించి రాదు. తక్కువ మాత్రం రావచ్చు. పుట్టిన వాయువులో కొంత పొర దాటి అవతలి గదిలోకి పోతుంది, కొంత కరెంటు పక్కదారి పడుతుంది.

షరతులపై చెప్పిన అంకె అన్నమాటను పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవాలి. చాలా ప్రదర్శనల్లో పొరపాటుగానో, బుద్ధిపూర్వకంగానో తప్పు జరిగే చోటు ఇదే.

మే నెల మధ్యాహ్నం అనంతపురంలో ఒక పరీక్ష చేసినట్టు అనుకుందాం. ఘటానికి 10 ఆంపియర్ల కరెంటు, 2 వోల్టుల వద్ద, ఒక గంట ఇచ్చారు. వాయువును నీళ్ళమీద బోర్లించిన జాడీలో పట్టారు. వేడిమి 40 డిగ్రీలు. జాడీలో 5.40 లీటర్ల ఉదజని చేరింది. సూత్రం ప్రకారం రావలసింది 4.18 లీటర్లు. అంటే నూటికి 29 ఎక్కువ! ప్రదర్శించినవారు చప్పట్లకు ఎదురుచూస్తారు.

ఇక్కడ తేమ తగ్గింపు వేయాలి. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున వున్నది కనుక ఇక్కడి వాయుపీడనం 760 కాదు, దాదాపు 730 మిల్లీమీటర్లు. 40 డిగ్రీల వద్ద నీటి ఆవిరి ఒక్కటే అందులో 55 మిల్లీమీటర్లు ఆక్రమిస్తుంది. మిగిలిన 675 మాత్రమే ఉదజని వాటా. వేడికి వాయువు ఉబ్బుతుంది కనుక 313ను 273కు దించాలి. ఇక లెక్క: 5.40ని 675తో గుణించి 760తో భాగించి, మళ్ళీ 273తో గుణించి 313తో భాగిస్తే 4.18 వస్తుంది. నూటికి 29 అధికం అన్నది మొత్తం ఎండ, ఎత్తు, ఆవిరి కలిసి ఇచ్చినదే. ఘటం చేసిన ఘనకార్యం ఏమీ లేదు.

ఇదే ఘటాన్ని డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీల చలిలో నడిపితే జాడీలో 4.79 లీటర్లే కనిపిస్తుంది. పాత ఎలక్ట్రోడును డిసెంబరులో, కొత్త ఎలక్ట్రోడును మే నెలలో పరీక్షించి, 4.79 నుంచి 5.40కి పెరిగిందని చూపితే నూటికి సుమారు 13 వంతుల 'అభివృద్ధి' పుట్టుకొస్తుంది. అది రుతువు మారినందువల్ల వచ్చిన అభివృద్ధి. తడికాయను ఎండుకాయ ధరకు అమ్మడం వంటిదే.

ప్రాణవాయువును కలిపి కొలిచే మరో పద్ధతి కూడా ఉన్నది. రెండు ఎలక్ట్రోడుల మధ్య పొర లేకుండా, రెండు వాయువులనూ ఒకే గొట్టంలో బయటికి తెస్తారు. నీటినుంచి రెండు పాళ్ళ ఉదజనికి ఒక పాలు ప్రాణవాయువు వస్తుంది కనుక జాడీలో చేరేది ఒకటిన్నర రెట్లు. పై పరీక్షలో అయితే 8.1 లీటర్లు. కాయలు, పొట్టు కలిపి తూచి గింజ ధర అడగడంతో దీనికి తేడా లేదు. పైగా ఆ మిశ్రమం చిన్న రవ్వకే భగ్గున పేలే సరుకు. పరీక్ష చూడబోయినవారు కిటికీ వైపు నిలబడడం మంచిది.

నిజానికి జాడీని నమ్మకుండా సరిచూసుకునే దారి కూడా ఉన్నది. 10 ఆంపియరు గంటలకు ఖర్చయ్యే నీరు 3.36 గ్రాములు. బంగారం తూచే త్రాసుపై ఘటాన్ని ముందూ వెనుకా తూస్తే ఈ తరుగు కనిపించాలి. ఆవిరిగా పోయినది కూడా అందులో కలుస్తుంది కనుక వాయువును ఆరబెట్టే గొట్టం గుండా పంపి, దానిని కూడా తూచాలి. ఎంతో వాయువు వచ్చిందంటూ నీరు మాత్రం అందుకు తగినంత తగ్గకపోతే, ఆ లెక్క ఎక్కడో తేడా పడిందన్నమాట. నీరు తగ్గక ఎలక్ట్రోడే కరుగుతున్న సందర్భాలు కూడా ఉంటాయి. అల్యూమినియం ముక్కను కాస్టిక్ ద్రావణంలో వేస్తే కరెంటు లేకుండానే ఉదజని వస్తుంది. అక్కడ పెట్టుబడి లోహం. దాని ధరను ఖర్చు కింద రాయాలి.

కొలవవలసింది వోల్టు

వాయువు పరిమాణం ఆంపియర్లతోనే నిర్ణయమైపోతే ఘటానికీ ఘటానికీ తేడా ఎక్కడిది? వోల్టేజిలో. కరెంటు బిల్లు ఆంపియర్లకు రాదు, యూనిట్లకు వస్తుంది. ఒక కిలో ఉదజనికి కావలసినది 26.6 వేల ఆంపియరు గంటలు. దానిని ఘటం వోల్టేజితో గుణిస్తే కిలోకు ఎన్ని యూనిట్లో వస్తుంది. 2 వోల్టులయితే 53 యూనిట్లు, 1.8 అయితే దాదాపు 48. రెండో అంకె ఈ 26.6. ఇది నోటికి వస్తే ఏ కంపెనీ కరపత్రాన్ని అయినా అరనిమిషంలో సరిచూడవచ్చు.

మూడో అంకె 39.4. ఒక కిలో ఉదజనిని మండించి, వచ్చిన ఆవిరిని తిరిగి నీరుగా చల్లబరిస్తే దక్కే మొత్తం శక్తి ఇన్ని యూనిట్లు. పై పరీక్షలో పెట్టినది 20 వాట్ గంటలు. వచ్చిన 4.18 లీటర్లలో వున్న శక్తి 14.8 వాట్ గంటలు. సామర్థ్యం నూటికి 74. తేమ తగ్గింపు వేయకుండా లెక్కిస్తే ఇదే 95 దాటుతుంది. ప్రాణవాయువునూ కలిపేస్తే 143 అవుతుంది, అంటే ఇరవై పెట్టిన చోట ఇరవై ఎనిమిదికి పైగా రాబడి. అటువంటి వ్యాపారం వుంటే అందులో వాటాలు అమ్ముకోవలసిన అగత్యం ఎవరికీ వుండదు.

నాలుగో అంకె 33.3. వచ్చిన ఆవిరిని చల్లబరచకుండా వదిలేస్తే కిలోకు దక్కేది ఇంతే. దీని ప్రకారం మన ఘటం సామర్థ్యం 74 కాదు, 62 మాత్రమే. రెండు లెక్కలూ సక్రమమైనవే, రెండూ వాడుకలో వున్నవే. తన ఘటాన్ని 39.4తో, పోటీదారు ఘటాన్ని 33.3తో లెక్కించి పక్కపక్కన వేస్తేనే మోసం. ఒకే ఘటం తనపై తానే పన్నెండు పాయింట్లు గెలుస్తుంది. కనుక శాతాలు అడగడం కన్న కిలోకు యూనిట్లు ఎన్ని అని అడగడం మేలు; ఆ అంకెకు రెండు అర్థాలు లేవు.

మీటరు సంగతి కూడా చూడాలి. ఆగి ఆగి దెబ్బలుగా కరెంటు ఇస్తే సామర్థ్యం పెరుగుతుందనే ప్రచారం తరచు వినబడుతుంది. సగం సేపు 20 ఆంపియర్లు 2.4 వోల్టుల వద్ద, మిగతా సగం కరెంటు ఆపి వుంచారనుకుంటే, ఆపిన సమయంలో కూడా ఘటం 1.4 వోల్టులు చూపవచ్చు. మామూలు మీటర్లు సగటు 10 ఆంపియర్లు, సగటు 1.9 వోల్టులు అని చూపుతాయి. గుణిస్తే 19 వాట్లు. వాస్తవంగా ఖర్చయినది 24 వాట్లు. సగటును సగటుతో గుణించడం వల్ల వచ్చిన ఈ అయిదు వాట్ల ఆదాను కొత్త విజ్ఞానంగా అమ్మజూపినవారున్నారు. గోడవైపు, అనగా విద్యుచ్ఛక్తి శాఖ సరఫరా వచ్చే చోట, యూనిట్ల మీటరు పెడితే ఈ తగాదా వుండదు.

ఒహాయో కేసు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన స్టాన్లీ మేయర్ తన 'నీటి ఇంధన ఘటం' మామూలు విద్యుద్విశ్లేషణ కన్న ఎంతో తక్కువ శక్తితో నీటిని విడగొడుతుందని, దానితో కారు నడుస్తుందని చెప్పి పెట్టుబడులు సేకరించాడు. ఇద్దరు మదుపుదారులు కోర్టుకు వెళ్ళారు. నిపుణులు ఘటాన్ని పరీక్షించి అందులో వున్నది సాధారణ విద్యుద్విశ్లేషణే తప్ప మరేమీ కాదని చెప్పారు. 1996లో కోర్టు దానిని మోసంగా నిర్ణయించి, వారి 25 వేల డాలర్లు తిరిగి ఇమ్మని ఆదేశించింది.

అన్నీ మోసాలేనని అనుకోవడం కూడా పొరపాటు. ఘటం లెక్క నిజాయితీగా వున్నా, ఖర్చు గీత ఎక్కడ గీస్తున్నారన్న దానిపై ఫలితం మారిపోతుంది. హైదరాబాదులోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు నీటికి మెథనాల్ కలిపి విశ్లేషించి, మామూలు నీటి విశ్లేషణకు పట్టే విద్యుత్తులో మూడోవంతుతోనే ఉదజని తీయవచ్చునని చూపారు. ఇది నిజమైన ఫలితమే, శాస్త్రబద్ధమైనదే. కాని విద్యుత్తును మాత్రమే ఖర్చుగా రాసుకుంటే సామర్థ్యం నూటికి రెండు వందలు దాటినట్టు కనిపిస్తుంది. చిట్టాలో మెథనాల్‌ను కూడా ఎక్కించాలి. కిలో ఉదజనికి 5.3 కిలోల మెథనాల్ కావాలి. అందులో వున్న శక్తి దాదాపు 33 యూనిట్లు. విద్యుత్తు 17 యూనిట్లు అనుకుంటే మొత్తం 50. చివరికి సామర్థ్యం నూటికి 79 ప్రాంతంలో తేలుతుంది, మంచి నీటి ఘటంతో సమానం. పైగా కిలోకు 7 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. కేంద్రప్రభుత్వం 2023 ఆగస్టులో ప్రకటించిన ప్రమాణం ప్రకారం హరిత ఉదజని అనిపించుకోవాలంటే కిలోకు 2 కిలోలు మించరాదు. మెథనాల్ జీవపదార్థాల నుంచి చేసినదయితే లెక్క వేరుగా వుంటుంది. విద్యుత్తు ఖరీదై, మెథనాల్ చౌకగా దొరికే చోట ఈ పద్ధతికి వ్యాపారరీత్యా తావు లేకపోలేదు.

వేడి విషయంలోనూ ఇదే న్యాయం. ఘటం సరిగ్గా 1.48 వోల్టుల వద్ద నడిస్తే సామర్థ్యం నూటికి నూరు. సూత్రరీత్యా 1.23 వోల్టుల దాకా దిగవచ్చు, కాని అప్పుడు తరుగు పడే శక్తిని ఘటం వేడి రూపంలో బయటినుంచి తీసుకుంటుంది. ఉక్కు కర్మాగారంలో వృథాగా పోయే ఆవిరి వుంటే అది లాభసాటి. ఆ వేడిని కొనవలసి వస్తే అది కూడా ఖర్చే.

అసలైన ఆదా ఎంత?

నిజాయితీగల ప్రయోగశాలలు పోట్లాడేది వోల్టులో పదోవంతు కోసం, కొన్నిసార్లు నూరోవంతు కోసం. ఎలక్ట్రోడు పైపూత మార్చి కొంత, రెండు ఎలక్ట్రోడుల మధ్య దూరం తగ్గించి కొంత, బుడగలు అంటుకోకుండా చేసి కొంత సాధిస్తారు. ఆస్ట్రేలియాలో వొలాంగాంగ్‌లోని పరిశోధకులు 2022లో ప్రకటించిన ఘటం చివరి మార్గానిది. ద్రావణాన్ని దీపపువత్తి నూనెను పీల్చినట్టు సన్నని పొర ద్వారా పైకి పీల్చుకొనేట్టు చేసి, బుడగల అడ్డు లేకుండా చేశారు. చదరపు సెంటీమీటరుకు అర ఆంపియరు, 85 డిగ్రీల వద్ద కిలోకు 40.4 యూనిట్లు పట్టిందన్నారు. 39.4తో పోల్చితే ఇది నూటికి 98.

చదరపు సెంటీమీటరుకు ఎంత కరెంటు అన్న మాటను వారు విడువకపోవడం గమనార్హం. కరెంటు తగ్గిస్తే ఏ ఘటానికైనా వోల్టేజి తగ్గుతుంది, సామర్థ్యం పెరిగినట్టు కనిపిస్తుంది. బండికి సగం బరువే వేసి ఎద్దులు చురుగ్గా వున్నాయనడం వంటిది. రెండు ఘటాలను పోల్చేటప్పుడు కరెంటు సాంద్రత, వేడిమి, పీడనం మూడూ సమానంగా వుండాలి. వోల్టుమీటరులోనే నూటికి ఒక వంతు తేడా వుంటే 2 వోల్టులకు 0.02 వోల్టు అవుతుంది. అటువంటి మీటరుతో 0.03 వోల్టు ఆదాను నిరూపించామంటే నమ్మరాదు. పాత భాగం, కొత్త భాగం, తిరిగి పాత భాగం అని మార్చి మార్చి నడిపి, ప్రతిసారీ అదే తేడా వస్తేనే ఆదా నిలిచినట్టు.

రూపాయల్లో చూస్తే 0.1 వోల్టు తగ్గితే కిలోకు 2.66 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ నాలుగు రూపాయలనుకుంటే పది రూపాయల అరవై పైసలు. పెద్ద కర్మాగారానికి ఇది గొప్ప సొమ్మే. అయితే అది ఎన్నాళ్ళు మిగులుతుందన్నది ఇంకో ప్రశ్న. ఘటం పాతబడేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. గంటకు ఒక వోల్టులో లక్షోవంతు పెరిగినా ఎనిమిది వేల గంటలకు, అనగా ఏడాదికి, 0.08 వోల్టు. సాధించిన ఆదాలో చాలా భాగాన్ని ఆ ఒక్క ఏడే తినేస్తుంది. మొదటి గంట పరీక్షపై ధర కట్టడం, మొదటి కాపు చూసి తోట కొనడం రెండూ ఒకటే.

ఘటం బయట ఖర్చులు కూడా తక్కువేమీ కాదు. ఘటం 48 యూనిట్లు తిన్నా, ఏ.సి.ని డి.సి.గా మార్చడంలో తరుగు, పంపులు, చల్లబరచడం, వాయువును ఆరబెట్టడం కలిసి యాభైని దాటిస్తాయి. సిలిండర్లలో వత్తి నింపడానికి మరికొన్ని. ఇప్పటి కర్మాగారాలు సాధారణంగా 50 నుంచి 55 మధ్య వుంటున్నాయి.

ఈ పీఠభూమికి మరో ప్రత్యేకత వున్నది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి ఇక్కడ జోరుగా వీస్తుంది, వాన మాత్రం పడమటి కనుమల అవతలే దిగిపోతుంది. రైతు తిట్టుకునే ఆ గాలే మరలకు మేత. కాని గాలి, ఎండ ఒక్క తీరున వుండవు. కరెంటు బాగా తగ్గినప్పుడు వోల్టేజి తగ్గినా, పొర దాటి పోయే ఉదజని పాలు పెరుగుతుంది. ప్రాణవాయువులో ఉదజని మితిమీరితే ప్రమాదం కనుక ఘటాన్ని ఆపివేయవలసి వస్తుంది కూడా. నిండు లోడు వద్ద తీసిన అంకె ఇక్కడ చాలదు. తెల్లవారి నుంచి మరునాటి తెల్లవారి దాకా మీటరు యూనిట్లు, నికరంగా అమ్మిన కిలోలు రాసుకొని భాగించాలి.

నూనె వర్తకులకు ఈ సరుకు పూర్తిగా కొత్త కాదు. వేరుసెనగ నూనెను గట్టిపరచి వనస్పతి చేసిన రోజుల్లో అనేక కర్మాగారాలు ఉదజనిని నీటి నుంచే తీసుకునేవి. నూనె అయోడిన్ విలువను 25 అంకెలు తగ్గించడానికి టన్నుకు సుమారు 22 ఘనమీటర్లు, అంటే రెండు కిలోల ఉదజని చాలు. కరెంటు వంద యూనిట్లు దాటినా నూనె ధర ముందు అది లెక్కకు రాదు. ఎరువులకు వచ్చేసరికి పరిస్థితి అలా లేదు. భాక్రా కరెంటు చౌకగా వున్న కాలంలో, 1961లో మొదలైన నంగల్ ఎరువుల కర్మాగారం నీటి నుంచే ఉదజని తీసింది. తరువాత ఆ కరెంటుకు వేరే గిరాకీ పెరగడంతో నూనె ఇంధనానికి మారింది.

నీటి లెక్క

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఈ పద్దు లేకుండా ఏ లెక్కా పూర్తి కాదు. సూత్రం ప్రకారం కిలో ఉదజనికి 9 లీటర్ల నీరు. ఘటానికి స్వేదనజలం వంటి శుద్ధజలం కావాలి. ఇక్కడి బోరు నీటిలో లవణాలు, ఫ్లోరైడు అధికం. శుద్ధిచేస్తే కొంత మురుగుగా పోతుంది, చల్లబరచడానికి మరికొంత. మొత్తం 20 లీటర్లనుకుంటే, రోజంతా నడిచే ఒక మెగావాటు ఘటం సుమారు 480 కిలోలు తీసి 9,600 లీటర్లు తాగుతుంది. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు రెండు. వెయ్యి మెగావాట్లకు రోజుకు రెండువేల ట్యాంకర్లు. ఘటం వోల్టేజి ఎంత తగ్గించినా ఇందులో 9 లీటర్ల వాటా చుక్క తగ్గదు; తగ్గించగలిగేది శుద్ధిలో, చల్లబరచడంలో పోయేది మాత్రమే.

కనుక ఒప్పందంలో రాయించుకోవలసినవి ఇవి: గోడవైపు మీటరు ప్రకారం అమ్మిన కిలోకు ఎన్ని యూనిట్లు, ఆ హామీ ఎన్ని వేల గంటల తరువాత కూడా నిలుస్తుంది, నీటి మీటరు ప్రకారం కిలోకు ఎన్ని లీటర్లు, శుద్ధిలో మిగిలిన ఉప్పునీటిని ఎవరి పొలంలోకి వదులుతారు. మీటర్లకు సీలు వేసేది అమ్మకందారు కాకుండా మూడోవారై వుండాలి.